గుండెకు చిన్న కోత ఆపరేషన్: హైదరాబాద్ పట్నం బయలుదేరే ముందు ఏం అడగాలి, ఎలా సిద్ధం కావాలి

గుండెకు ఆపరేషన్ పడుతుందని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరూ అడిగే మాట ఒకటే: "ఛాతీ కోస్తరా?" ఇప్పుడు దాని వెంటే ఇంకో మాట కూడా వస్తోంది. "చిన్న కోతతో చేస్తరంట కదా, మనకు చెయ్యరా?" మిర్యాలగూడలో ఉన్నా అచ్చంపేటలో ఉన్నా, ఫోన్‌లో వీడియో చూసిన చుట్టం ఎవరో ఒకరు ఈ మాట మోసుకొస్తారు. ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. ఈ పద్ధతి నిజంగానే మంచిది, ముఖ్యంగా రెక్కల కష్టం మీద బతికే మనవాళ్లకు. కానీ కోత ఎంత అన్నది చివర్లో అడగాల్సిన ప్రశ్న. గుండెలో ఏం చెడింది, దాన్ని ఎలా బాగుచేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆ పనిలో చెయ్యి తిరిగిన డాక్టర్ ఎవరు అన్నవి ముందు తేలాలి. ఈ వరస తప్పితే చిన్న కోత పేరు చెప్పి ఎవరైనా మనల్ని ఎటైనా తిప్పగలరు.

ఇది ఆలోచించుకునే టైమ్ ఉన్న ఆపరేషన్ల గురించి రాస్తున్నది. ఛాతీలో పట్టేసినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగడం ఉంటే ఇది చదువుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

1. జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి

"గుండెలో ప్రాబ్లం ఉందన్నరు" అంటే సరిపోదు. వాల్వ్ (గుండెలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపు) జబ్బా, రక్తనాళాల్లో బ్లాకులా, పుట్టుకతో వచ్చిన రంధ్రమా? ఈ మూడింటికీ దారులు వేరు.

మన ఊళ్లలో చిన్న వయసు ఆడవాళ్లకు వచ్చే వాల్వ్ జబ్బులో ఎక్కువ భాగం రుమాటిక్ జ్వరం వల్ల. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపులు వచ్చి పోతాయి, అందరూ మరిచిపోతారు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కడుపుతో ఉన్నప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎకో అనే గుండె స్కాన్ తీస్తే, గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ సన్నబడి ఉంటుంది. ఇలాంటి వాల్వ్ రెక్కలు ఇంకా మెత్తగా ఉంటే, లీకు పెద్దగా లేకపోతే, గజ్జల్లోని రక్తనాళం గుండా బెలూన్ పంపి వెడల్పు చేయవచ్చు. అసలు కోతే ఉండదు. కాబట్టి వాల్వ్ సన్నబడిందని చెబితే మొదట అడగాల్సింది "బెలూన్ పడుతుందా?" అని. వాల్వ్ గట్టిపడి సున్నం పేరుకుపోయినా, లీకు ఎక్కువగా ఉన్నా అప్పుడు ఆపరేషన్. అందులోనూ ఉన్న వాల్వ్‌నే రిపేరు చేస్తారా, మారుస్తారా అన్నది పెద్ద ప్రశ్న. రిపేరు కుదిరితే అదే మేలు. రుమాటిక్ వాల్వ్‌కు రిపేరు అన్నిసార్లూ కుదరదు, అయినా అడగాలి. చిన్న కోత పద్ధతి బాగా నిలదొక్కుకున్నది ఈ మైట్రల్ వాల్వ్ ఆపరేషన్లలోనే.

పెద్ద వయసు వాళ్లకు, గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్ సున్నం పట్టి మూసుకుపోతుంది. ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పంపి అమర్చే పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే అనే డాక్టర్ మొదటిసారి చేశారు. దాన్నే టావి అంటారు. సాధారణంగా 70, 75 ఏళ్లు దాటిన వాళ్లకు దీన్ని ముందు ఆలోచిస్తారు. వాల్వ్ ఖరీదు మాత్రం చాలా ఎక్కువ.

పై గదుల మధ్య రంధ్రం, అంటే ఏఎస్‌డీ ఉంటే, చుట్టూ అంచు సరిపడా ఉన్నప్పుడు గొడుగులాంటి డివైస్‌ను గజ్జల నుంచి పంపి మూసేస్తారు. అంచు లేకపోతే ఆపరేషన్. అది చిన్న కోతతో చక్కగా కుదిరే ఆపరేషన్.

బ్లాకుల దగ్గరే ఎక్కువ తికమక. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, బైపాస్ అంటే బ్లాకును దాటి రక్తం పోయేలా వేరే నాళం కుట్టే ఆపరేషన్. "బైపాస్ వద్దు, ఎన్ని స్టెంట్లయినా వెయ్యండి" అని కుటుంబాలే పట్టుబడతాయి. షుగర్ ఉండి ఒకటికంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్న వాళ్లకు స్టెంట్ల కంటే బైపాసే ఎక్కువ కాపాడుతుందని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అనే అధ్యయనం తేల్చింది. కాబట్టి కోతకు భయపడి బైపాస్ నుంచి స్టెంట్‌కు మారకండి. గుండె ముందువైపు నాళం ఒక్కదానికే బైపాస్ అయితే ఎడమ రొమ్ము కింద చిన్న కోతతో చేయడం చాలాచోట్ల కుదురుతుంది. మూడు నాలుగు నాళాలకు అదే కోతలోంచి చేసే డాక్టర్లు తక్కువమంది. ముందు నాళానికి చిన్న కోతతో బైపాస్ చేసి, మిగతా బ్లాకుకు తర్వాత స్టెంట్ వేసే కలగలుపు పద్ధతి కూడా ఉంది.

2. లోపల ఏం చేస్తారో తెలుసుకోండి

మామూలు ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌లో మెడ కింద నుంచి పొట్ట పైభాగం దాకా కోసి, ఛాతీ మధ్య ఎముకను రంపంతో నిలువునా చీలుస్తారు. పని అయ్యాక స్టీలు తీగలతో ఆ ఎముకను బిగిస్తారు. తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి, హాని లేదు. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు మూడు నెలలు.

ఇక్కడ చెప్పే చిన్న కోతలో ఆ ఎముకను ముట్టుకోరు. పక్కటెముకల మధ్య, వాల్వ్‌కైతే కుడివైపు, బైపాస్‌కైతే ఎడమవైపు, ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల కోత పెడతారు. పక్కన చిన్న రంధ్రంలోంచి కెమెరా వెళ్తుంది. డాక్టర్ పొడవాటి పరికరాలతో తెర మీద చూస్తూ పని చేస్తారు. తలుపు మూసి ఉన్న ఇంట్లోకి కిటికీలోంచి చెయ్యి పెట్టి గడియ తీసినట్టు ఉంటుంది ఆ పని. అందుకే అలవాటు లేని చేతికి కష్టం. వాల్వ్ ఆపరేషన్‌కు గుండెను కాసేపు ఆపాలి, ఆ టైమ్‌లో రక్తాన్ని నడిపించే హార్ట్ లంగ్ మెషిన్ పైపులను ఎక్కువగా గజ్జల్లో రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి కలుపుతారు. ఈ గజ్జల కోత సంగతి చాలామందికి ముందు చెప్పరు. ఇంటికొచ్చాక దాన్ని చూసి కంగారు పడతారు.

రోబో ఆపరేషన్ అన్నా ఇదే దారి. రోబో తనంతట తాను ఆపరేషన్ చెయ్యదు, డాక్టర్ పక్కన కూర్చుని దాని చేతులను నడిపిస్తారు.

3. లాభం ఎక్కడుందో, ఎక్కడ లేదో చూసుకోండి

రక్తం తక్కువ పోతుంది, రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గుతుంది. ఛాతీ ఎముకకు చీము పట్టడం అనే ప్రమాదం ఉండదు. షుగర్ ఉన్నవాళ్లలో అది పెద్ద గండం, కాబట్టి ఇది చిన్న లాభం కాదు. పక్కకు తిరిగి పడుకోవచ్చు. చేతుల మీద బరువు ఆనించి లేవవచ్చు. అన్నీ సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు, మామూలు పద్ధతిలో వారం వరకు పడుతుంది. తేలిక పనులకు మూడు నాలుగు వారాల్లో తిరగొచ్చు.

అయితే ఆయుష్షు ఎక్కువ ఇస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రిటన్‌లో మైట్రల్ వాల్వ్ లీకున్న 330 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎముక చీల్చి, ఇంకో గుంపుకు చిన్న కోతతో రిపేరు చేశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. చిన్న కోత వాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు, తొలి వారాల్లో త్వరగా తేరుకున్నారు. 12 వారాల తర్వాత చూస్తే రెండు గుంపుల ఒంటి సత్తువ దాదాపు ఒకటే. వాల్వ్ రిపేరు కూడా రెండింట్లో ఒకేలా నిలిచింది.

అంటే తేడా అంతా ఆ మొదటి రెండు మూడు నెలల్లో ఉంది. నెల జీతం వచ్చే ఉద్యోగికి ఆ రెండు నెలలు సెలవు దొరకొచ్చు. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి పుణెకో ముంబైకో తట్ట మోయడానికి వెళ్లే మనిషికి, మునుగోడులో పత్తి ఏరే కూలీకి, ఒక్కడే ట్రాక్టర్ నడిపి ఇల్లు గడిపే మనిషికి ఆ రెండు నెలలంటే అప్పు. అందుకే కూలీనాలీ చేసుకునే వాళ్లు చిన్న కోత గురించి అడగడం విలాసం అని ఎవరూ అనుకోకూడదు. మీరు చేసే పని ఏంటో, ఎంత బరువు ఎత్తుతారో డాక్టర్‌కు చెప్పండి. వాళ్లు నిర్ణయం తీసుకునేటప్పుడు అది కూడా లెక్కలోకి రావాలి.

పెళ్లి కావాల్సిన అమ్మాయికి ఛాతీ మీద గీత కనిపిస్తుందని తల్లిదండ్రులు బాధపడతారు. రొమ్ము కింది మడతలో పెట్టే కోత బయటికి కనపడదు, ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ కారణంతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేస్తే ఊపిరితిత్తుల్లో ప్రెజర్ పెరిగిపోతుంది. కొన్ని రంధ్రాలను ఒక దశ దాటాక ఎవరూ మూయలేరు.

నొప్పి అసలే ఉండదనేది కూడా నిజం కాదు. పక్కటెముకల మధ్య నరం నలగడం వల్ల మొదటి నాలుగు రోజులు నొప్పి చురుక్కుమంటుంది, రొమ్ము కింద కొన్ని నెలలు తిమ్మిరిగా ఉండొచ్చు. నరానికి మత్తు ఇచ్చే బ్లాక్ ఇంజెక్షన్ వేస్తారా అని మత్తు డాక్టర్‌ను ముందే అడగండి.

4. మీ ఒంటికి సరిపోతుందో లేదో తేల్చుకోండి

దీనికి టూడీ ఎకో ఒక్కటి చాలదు. యాంజియోగ్రామ్ (మందు ఎక్కించి గుండె నాళాల్లో బ్లాకులు చూసే పరీక్ష), ఛాతీ నుంచి తొడల దాకా రక్తనాళాల సీటీ స్కాన్, ఊపిరితిత్తుల పరీక్ష చేస్తారు. వాల్వ్ కోసమైతే గొంతులోంచి తీసే ఎకో కూడా. సీటీ ఎందుకంటే, గజ్జల నాళాలు సన్నగా ఉన్నా, పెద్ద ధమనిలో సున్నం పేరుకుని ఉన్నా అక్కడినుంచి మెషిన్‌కు కలిపితే సున్నం ముక్కలు మెదడుకు కొట్టుకుపోయి పక్షవాతం రావొచ్చు. ఆపరేషన్ జరిగేటప్పుడు ఒక ఊపిరితిత్తికి కాసేపు గాలి ఆపుతారు. ఏళ్ల తరబడి బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైన వాళ్లు, ఒకప్పుడు టీబీ వచ్చి లోపల అతుకులు పడ్డ వాళ్లు దాన్ని తట్టుకోలేకపోవచ్చు. ఇదివరకు ఛాతీ ఆపరేషన్ అయిన వాళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న వాళ్లు, గుండె పంపింగ్ బాగా పడిపోయిన వాళ్లు, అర్జెంటుగా చెయ్యాల్సి వచ్చిన వాళ్లకు చాలాసార్లు మామూలు పద్ధతే క్షేమం.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు వాళ్లు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. మెడ వెనక్కి వంగకపోతే మత్తు ఇచ్చి గొంతులో పైపు వేయడం కష్టమవుతుంది. పక్కటెముకలు బిగుసుకుపోతే చిన్న కోతలోంచి చోటు చాలదు. పట్నంలో డాక్టర్ దీన్ని చూసి గుర్తుపడతారులే అని వదిలెయ్యకండి, మొదటి రోజే "మాది ఫ్లోరైడ్ ఊరు" అని చెప్పి మెడ తిప్పి చూపించండి.

5. సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి

మొహమాటం వద్దు. "సార్, మా నాయినకు చేసే ఈ ఆపరేషన్‌ను చిన్న కోతతో మీరు తరచూ చేస్తుంటారా?" అని అడిగితే మంచి డాక్టర్ ఎవరూ తప్పుపట్టరు. నెలకు ఎన్ని చేస్తారు, మధ్యలో ఇబ్బంది వచ్చి ఛాతీ తెరవాల్సి వచ్చిన సందర్భాలు ఎన్ని, మా కేసులో అలా కావడానికి ఎంత అవకాశం ఉంది అని కూడా అడగండి. మధ్యలో ఛాతీ తెరవడం ఫెయిల్ కావడం కాదు, ప్రాణం కాపాడటానికి తీసుకునే నిర్ణయం. సంతకం పెట్టే కాగితంలో అది రాసే ఉంటుంది, చదివించుకుని పెట్టండి. "చిన్న కోతైతే వాల్వ్ రిపేరు చెయ్యలేం, మార్చాలి, ఛాతీ తెరిస్తే రిపేరు చెయ్యగలం" అని డాక్టర్ అంటే, నా సలహా అయితే ఛాతీ తెరిపించుకుని సొంత వాల్వ్ కాపాడుకోమనే.

మార్చాల్సి వస్తే మెటల్ వాల్వా, టిష్యూ (జంతువుల కణజాలంతో చేసిన) వాల్వా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మెటల్ వాల్వ్ చాలా ఏళ్లు వస్తుంది, కానీ జీవితాంతం రక్తం పలచబడే మాత్ర, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష. టిష్యూ వాల్వ్‌కు అంత బాధ లేదు గాని పది, పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావొచ్చు, చిన్న వయసులో ఇంకా త్వరగా అరుగుతుంది. పిల్లలు కావాలనుకునే ఆడపిల్ల అయితే ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి, ఎందుకంటే పలచబడే మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

బైపాస్ వాళ్లు ఇంకో చిన్న ప్రశ్న అడగాలి: "బైపాస్‌కు వాడే రక్తనాళాన్ని కాలి నుంచి తీసేటప్పుడు కెమెరాతో తీస్తారా?" ఛాతీ మామూలుగానే తెరిచినా, కాలికి మోకాలి దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి కెమెరాతో ఆ రక్తనాళాన్ని తీయవచ్చు. లేకపోతే చీలమండ నుంచి తొడ దాకా పొడుగు కోత పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ గాయం కంటే ఈ కాలి గాయమే నెలల తరబడి మానకుండా ఏడిపిస్తుంది. చిన్న కోత లాభం ఇలా కూడా అందుతుంది, అడిగే వాళ్లే తక్కువ.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలంటే యాంజియోగ్రామ్ సీడీ, ఎకో రిపోర్టు అడిగి తీసుకోండి. అవి మీవి, ఇవ్వాలి.

6. డబ్బు సంగతి అడ్మిషన్‌కు ముందే తేల్చుకోండి

తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2007లో మొదలైన ఈ పథకంలో తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబర్‌లో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. వాల్వ్, బైపాస్, రంధ్రాల ఆపరేషన్లు ఇందులో ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఈ పథకం కింద చేసే ఆసుపత్రిలో, ఆరోగ్యమిత్ర అనే సహాయకుల కౌంటర్ ఉంటుంది, ముందు అక్కడికే వెళ్లండి. రేషన్ కార్డు, రోగి ఆధార్, పాత రిపోర్టులు, ఫొటోలు వెంట ఉంచుకోండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూసుకోండి. కొత్తగా కాపురానికొచ్చిన కోడలి పేరు కార్డులో ఎక్కకపోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ పని మండలంలో ఉండగానే చేయించండి.

ఆరోగ్యమిత్రతో ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: "చిన్న కోతతో చేసినా అదే ప్యాకేజీయా, పైన ఏమైనా అడుగుతారా?" అడిగితే దేనికి, ఎంత అని కాగితం మీద రాసివ్వమనండి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేసి కనుక్కోండి. ప్యాకేజీలో అయ్యే ఆపరేషన్‌ను వదిలి, ఒక్క చిన్న కోత కోసం భూమి తాకట్టు పెట్టే పని మాత్రం చేయకండి. పన్నెండు వారాలకు సమానమయ్యే తేడా కోసం ఏళ్ల తరబడి మిత్తి కట్టడం న్యాయం కాదు.

పంజాగుట్ట నిమ్స్‌లో గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద జరుగుతాయి. కార్డు లేని వాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు కడతామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లకు ఈఎస్‌ఐ బీమా ఉంటుంది. పుట్టపర్తిలో 1991లో, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 2001లో మొదలైన సత్యసాయి ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. గద్వాల, మహబూబ్‌నగర్ వాళ్లకు బెంగళూరు రైలు ఇంటి ముందు నుంచే పోతుంది కాబట్టి ఆ దారి కూడా గుర్తుంచుకోండి.

7. ఆపరేషన్‌కు ముందు నెల రోజులు

బీడీ, సిగరెట్, గుట్కా ఆపండి. కనీసం నాలుగు వారాల ముందు ఆపితే ఊపిరితిత్తులు తేరుకుంటాయి. వాల్వ్ ఆపరేషన్ అయితే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి పుచ్చు పళ్లు, చిగుళ్ల చీము బాగుచేయించుకోండి. నోట్లో సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌కు పట్టుకుంటే అది ప్రాణం మీదికి తెస్తుంది. షుగర్ అదుపులోకి తెచ్చుకోండి.

మాత్రల విషయంలో సొంత నిర్ణయం పనికిరాదు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ లాంటివి సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు మూడు రోజుల ముందు ఆపుతారు. ఏది ఏ రోజు ఆపాలో డాక్టర్‌తో రాయించుకోండి. ఈ మధ్యే స్టెంట్ వేయించుకున్న వాళ్లు చెప్పకుండా మాత్ర ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు.

కల్లు సంగతి దాచొద్దు. చెట్టు కల్లు వేరు. పాలమూరు వైపు కొన్ని దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ అది తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పొంతన లేకుండా మాట్లాడతారు, ఫిట్స్ రావొచ్చు. ఐసీయూలో ఆ స్థితిలో పైపులు పీకేసుకుంటే ఎంత బాగా చేసిన ఆపరేషనైనా ఆగమవుతుంది. ముందే తెలిస్తే డాక్టర్లు మందులతో మెల్లగా మాన్పిస్తారు. ఆడవాళ్లకూ ఈ అలవాటు ఉంటుంది, కోడలి ముందు, అల్లుడి ముందు నోరు విప్పరు. అత్తమ్మను డాక్టర్ ఒంటరిగా అడిగేలా చూడండి.

ఎన్ని యూనిట్ల రక్తం సిద్ధం చెయ్యాలో అడిగి, ఇచ్చేవాళ్లను ఊరి నుంచి ముందే మాట్లాడి పెట్టుకోండి.

8. ఆసుపత్రిలో

ఐసీయూలో మొదటిసారి చూసినప్పుడు నోట్లో పైపు, మెడలో సూదులు, పక్కలో రక్తం కారే గొట్టం, మూత్రం పైపు ఉంటాయి. మొహం ఉబ్బి ఉండొచ్చు. భయపడకండి, నోట్లో పైపును ఎక్కువమందికి కొన్ని గంటల్లో తీసేస్తారు. గుండె లయ తప్పి దడదడ కొట్టుకోవడం మొదటి వారంలో చాలామందికి వస్తుంది, మందులతో సర్దుకుంటుంది.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి చేతికిస్తారు. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. బంతి పైకి లేచాక రెండు మూడు క్షణాలు అక్కడే నిలపాలి. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పది సార్లు. పక్కటెముకల నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే కఫం పేరుకుని నిమోనియా వస్తుంది. నొప్పి ఉంటే మాత్ర అడిగి వేసుకుని మరీ పీల్చించండి. దగ్గేటప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకోవాలి.

9. ఇంటికొచ్చాక

పట్నం నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ సుమారు వంద కిలోమీటర్లు. కారులో వెనక సీట్లో కూర్చోబెట్టండి, గంటకోసారి ఆగి నాలుగడుగులు నడిపించండి. సీటు బెల్టు కోతకు తగలకుండా కింద మెత్తటి టవల్ పెట్టండి.

గజ్జల్లో కోత ఉంటే కొన్ని వారాలు గొంతుకూర్చోకూడదు. డిశ్చార్జికి ముందే ఇంట్లో కమోడ్ కుర్చీ తెప్పించండి. గజ్జ మడత చెమటకు తడిసి పాచిపోతుంది కాబట్టి స్నానం తర్వాత తుడిచి, గాలి తగలనిచ్చి, వదులు లుంగీయో నైటీయో వేయండి. అక్కడ ఉబ్బి నీరు కారుతుంటే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఏ గాయం మీదా పసుపు, ఆకు పసరు, బూడిద పెట్టకండి. గాయం మానేదాకా చెరువు, కాలువ, బావి ఈత లేదు.

చిన్న కోత అయింది కదా అని పదో రోజే బోరు దగ్గర బిందె ఎత్తేవాళ్లు ఉంటారు. నిండు బిందె పది పదిహేను కిలోల బరువు. ఎముక చీల్చిన వాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. చిన్న కోత వాళ్లకు గడువు తక్కువ, అయినా మొదటి రెండు మూడు వారాలు బిందెలు, వడ్ల బస్తాలు, చంటి పిల్లలు ఏవీ ఎత్తొద్దు. ఎప్పటినుంచి ఎత్తొచ్చో, బైకు, ట్రాక్టర్ ఎప్పుడు నడపొచ్చో డిశ్చార్జి రోజు తేదీతో సహా రాయించుకోండి. నడక మాత్రం మొదటి రోజు నుంచే. ఇంటి ముందు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి రోజుకు కొంత పెంచండి. చూడ్డానికి వచ్చే చుట్టాలను వాకిట్లో కూర్చోబెట్టి మాట్లాడి పంపండి, దగ్గు జ్వరం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకండి.

వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి పలచబడే మాత్ర వాడేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పిర్రకు సూది వేయించుకోవద్దు, కండలో రక్తం గడ్డకట్టి కాయలా ఉబ్బుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తెస్తాయి. రుమాటిక్ జబ్బుకు మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది ఉంటే, అది ఎలా కొనసాగించాలో గుండె డాక్టర్‌నే అడగండి, మీ అంతట మానకండి. గోంగూర, తోటకూర, పాలకూర మానాల్సిన పనిలేదు. వారానికి ఎంత తింటారో అంతే తినండి, ఒక వారం అసలే లేకుండా ఇంకో వారం రోజూ తింటే ఐఎన్‌ఆర్ తారుమారవుతుంది. మాత్ర రోజూ ఒకే టైమ్‌కు వేసుకోవాలి. మరిచిపోతే రెండోరోజు రెండు వేసుకోకూడదు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, గాయం ఎర్రబడి చీము కారినా, రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగి కాళ్లు వాచినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అదే రోజు ఫోన్ చేయండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, స్పృహ తప్పినా 108.

డిశ్చార్జి కాగితం, మాత్రల చీటీ, ఆపరేషన్ నోట్స్, వాల్వ్ వేస్తే దాని కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు ఇవన్నీ ఒకే కవర్లో పెట్టి, ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. తర్వాత ఎప్పుడు పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, కాన్పు వచ్చినా, ఇంకేదైనా ఆపరేషన్ పడినా ముందు ఆ కార్డు చూపించండి. కొత్త వాల్వ్ వేయించుకున్నవాళ్లకు పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి, ఆ డాక్టర్‌కు మీరు చెబితేనే తెలుస్తుంది.